జర్మనీ బీరువాకు జ్వరం

ఆ రోజు లక్ష్మీరాజం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పొద్దున్నే మిల్లుకు పోవాలి. మధ్యాహ్నం దాకా జర్మనీ బీరువా బాగోగులు చూడాలి. భోజనాల వేళకు మేనేజరుకు చెప్పి బయటపడాలి. కోసెడు దూరం నడిచి మంచిర్యాల స్టేషను చేరుకోవాలి. బల్లార్షా వైపు పోయే బండిలోంచి తన కూతుర్ని దించుకుని, ఎత్తుకుని ఇంటికి తెచ్చుకోవాలి. ఇందులో కష్టమైన పని ఒక్కటీ లేదు. చెడిపోయేవన్నీ ఇలాంటి పథకాలే.

కూతురు పేరు సక్కుబాయి. తల్లి అనసూర్య జ్వరంతో పోయేనాటికి ఆ పిల్లకు నడక కూడా సరిగా రాలేదు. షిఫ్టు పనికి పోయే మగవాడు చంటిపిల్లను ఎట్లా సాకుతాడని, అత్త రామవ్వ మనవరాలిని సిరిసిల్లకు తీసుకుపోయింది. కొంచెం పెద్దయ్యాక తెచ్చుకుంటానన్నాడు లక్ష్మీరాజం. అలా అంటూ ఉండగానే ఏండ్లు గడిచాయి. ఇప్పుడు రామవ్వ కొడుకు హనుమండ్లు బొంబాయి దగ్గర భీవండిలో మరమగ్గం పనికి కుదిరి, తల్లినీ పెళ్లాం పిల్లల్నీ అక్కడికే తరలిస్తున్నాడు. పెద్దపల్లిలో బండెక్కి మంచిర్యాల మీదుగా పోతారు. రామవ్వ మనిషితో కబురు పంపింది.

"బండి మంచిర్యాలల ఆగుతది. వచ్చి నీ బిడ్డను దించుకుంటె దించుకో. రాకుంటె మా ఎంట భీవండికి వస్తది. మల్ల నన్ను అడుగొద్దు."

రామవ్వ చెడ్డ మనిషి కాదు. నిజం చెప్పాలంటే ఆ పిల్లను తండ్రికి దూరం చేసింది రామవ్వ కాదు, జర్మనీ బీరువా.

అది నిజానికి బీరువా కాదు. నిలువెత్తు ఇనుప పెట్టె. లోపల వరుసగా గాజు బుడ్లు సన్నగా, ఎర్రగా వెలుగుతుంటాయి. గోదావరి ఒడ్డున ఉన్న ఆ అట్టల మిల్లులో వరిగడ్డి గుజ్జు అట్టగా మారాలంటే వేడి రోలర్ల మధ్య నుంచి పోవాలి. ఏ రోలరు ఎంత జోరుగా తిరగాలో ఆ బుడ్లే చెబుతాయి. యజమాని దాన్ని బొంబాయిలో పాత సరుకుగా కొని తెచ్చాడు. చలిదేశంలో పుట్టిన వస్తువు. మే నెలలో మంచిర్యాల ఎలా ఉంటుందో దానికి ముందుగా ఎవరూ చెప్పలేదు. కింద జల్లెడలోంచి చల్లగాలి లోపలికి పోవాలి, లోపలున్న చిన్న ఫ్యాను దాన్ని పైకి నెట్టాలి, పైన చీలికల్లోంచి వేడిగాలి బయటికి రావాలి. ఈ దారిలో ఎక్కడ అడ్డం పడినా వేడి హద్దు దాటుతుంది. ఎర్రదీపం వెలుగుతుంది, రోలర్లన్నీ ఆగిపోతాయి, వాటి మీదున్న తడి అట్టంతా పాడైపోతుంది.

దాన్ని విప్పి మళ్లీ బిగించడం తెలిసిన మనిషి మిల్లులో లక్ష్మీరాజం ఒక్కడే. కాబట్టి దసరాకు సిరిసిల్ల పోదామనుకుంటే దసరాకు బీరువా ఆగింది. ఉగాదికి పోదామనుకుంటే ఉగాదికి ఆగింది. ఒకసారి బస్సెక్కి కూర్చున్నవాణ్ని జగిత్యాలలో దింపి వెనక్కు తెచ్చారు. పిల్ల జ్ఞాపకం వచ్చినప్పుడల్లా అతను బీరువా తలుపు తీసి బుడ్లు తుడుస్తూ కూర్చునేవాడు. ఆ బాధ ఎవరికీ చెప్పేవాడు కాదు. చెప్పకపోయినా మిల్లులో అందరికీ తెలుసు, అదే ఆ రోజు అతని కొంప ముంచింది.

పొద్దున మిల్లుకు పోగానే మేనేజరు గవర్రాజును కలిశాడు. గవర్రాజుది కాకినాడ. మంచివాడు. ఎదుటి మనిషి కష్టం వింటే ఏదో ఒకటి చెయ్యకుండా కూర్చోలేడు.

"సారూ, మజ్జాన్నం పోయి బిడ్డను తెచ్చుకుంట."

"వెళ్లవయ్యా, నేను కాదన్నానా. మిషను తిరుగుతుంటే హాయిగా వెళ్లు. ఆగిపోతే మాత్రం నువ్వు లేకుండా దాన్ని ముట్టుకునేవాడెవడు చెప్పు?"

ఆ మాట గవర్రాజు నోట్లో ఉండగానే ఎర్రదీపం వెలిగింది.

లక్ష్మీరాజం కంగారు పడలేదు. మెయిన్ ఆపి, బీరువా తలుపు తీసి, కింద జల్లెడ లాగి చూశాడు. గడ్డిదుమ్ము పట్టి అది పరుపులా తయారై ఉంది. దులిపాడు, ఊదాడు, మళ్లీ బిగించాడు. కాసేపటికి ఎర్రదీపం ఆరింది, రోలర్లు తిరిగాయి. ఇంత సులువుగా పోయినందుకు సంతోషించి, స్నానం చేసి నాలుగు మెతుకులు తిని వస్తానని పక్కనే ఉన్న క్వార్టరుకు వెళ్లాడు. అతను చేసిన మొదటి పొరపాటు అదే.

రోలర్ల దగ్గర పనిచేసే రాయమల్లు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు బీరువా ఉన్న చోట అంతకు ముందు పోచమ్మ రాయి ఉండేది. మిల్లు కట్టేటప్పుడు గుత్తేదారు దాన్ని గోడ అవతలికి మర్యాదగానే జరిపించాడు, కోడిని కూడా కోయించాడు. ఆ మర్యాద రాయమల్లుకు సరిపోలేదు. తల్లి చోటు తల్లిదే అని అతని నమ్మకం. ఎర్రదీపం వెలిగిన ప్రతిసారీ అతను ఆ గోడ వైపు ఒకసారి చూసి మళ్లీ పనిలో పడేవాడు.

మిల్లు ఊడ్చే ఐలవ్వ చీపురు పట్టుకుని వచ్చింది. ఆమెది లక్ష్మీరాజం పక్క క్వార్టరే. సక్కుబాయి వస్తే పగలంతా తానే చూసుకుంటానని మాటిచ్చింది. పిల్ల తింటుందని ఆ పొద్దున సర్వపిండి కూడా చేసి పెట్టింది.

"పొద్దుగాల్నే మంటలు వెట్టుకున్నది," అన్నాడు రాయమల్లు బీరువాను చూపిస్తూ. "మజ్జాన్నానికి మల్ల ఆగుతది. రాజం ఎట్ల పోతడు?"

"పోకుంటె ఆ పోరి మల్ల దొరుకుతదా?" అంది ఐలవ్వ. "తల్లిలేని పిల్ల. నువ్వు చూసుకుంట ఊకుంటవా కాకా?"

"ఊకునుడేంది. తల్లిని జర సల్లవరుద్దాం."

ఒంట్లో వేడి పుట్టిందంటే అది అమ్మ పని. అమ్మ వచ్చిన మనిషిని ఎలా చల్లబరచాలో ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. రాయమల్లు వేపమండలు విరుచుకొచ్చి పైన చీలికల్లో వరుసగా గుచ్చాడు. ఐలవ్వ పసుపునీళ్లు చల్లి, తన పాత చీరె ఒకటి పసుపులో ముంచి బీరువా చుట్టూ తిప్పి కట్టింది. కొంగు మిగిలితే దాన్ని కింద జల్లెడ మీదుగా చక్కగా దోపింది. ఇద్దరూ వెనక్కి జరిగి చూసుకున్నారు. బీరువా చూడముచ్చటగా ఉంది. గాలి లోపలికి పోయే దారీ, బయటికి వచ్చే దారీ రెండూ మూసుకుపోయాయి.

లక్ష్మీరాజం రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా రోలర్ల చప్పుడు ఆగిపోయింది. ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. వచ్చి పసుపు చీర కట్టుకుని తల నిండా వేపాకు పెట్టుకున్న బీరువాను చూశాడు.

"గిదేంది కాకా?"

"నీ కోసమే తమ్మీ. నువ్వు బేఫికర్‌గ పోయిరా."

కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేదు. ఇద్దరి ముఖాల్లోనూ అంత ఆశ ఉంది. లక్ష్మీరాజం చీర విప్పి, మండలు పీకడం మొదలుపెట్టాడు. రాయమల్లు ముఖం పాలిపోయింది. కట్టింది విప్పితే తల్లి ఊరుకుంటుందా అన్నాడు. ఆ మాట రోలర్ల దగ్గరున్న కూలీలందరికీ చేరింది. అమ్మకు కట్టిన బట్ట విప్పిన చోట తాము చెయ్యి పెట్టేది లేదని వాళ్లు మెల్లగా బయటికి పోయి నీడలో కూర్చున్నారు. బోనం తీసి, ఊదు వేసి, తప్పయిందని మొక్కుకుంటే తప్ప రోలరు ముట్టుకోమన్నారు.

ఇప్పుడు బీరువా చల్లబడినా ప్రయోజనం లేదు, నడిపే మనుషులు లేరు. మేనేజరు గవర్రాజు పంచె ఎగ్గట్టుకుని వచ్చాడు. సంగతి విన్నాడు.

"ఈ బోనానికి ఎంతసేపు పడుతుంది?"

"బియ్యముంటె ఎంతసేపు సారూ," అంది ఐలవ్వ.

"అయితే త్వరగా కానివ్వండమ్మా. మా ఇంట్లోంచి బెల్లం తెప్పిస్తాను. పాపం ఇతను బండి అందుకోవాలి."

లక్ష్మీరాజం వద్దనబోయాడు. వద్దంటే ఇంకో వాదన మొదలవుతుంది, బోనం అయిపోతే కూలీలు లేస్తారు. సరే అని నోరు మూసుకుని, వాళ్ల పని వాళ్లు చేసుకునేలోగా జల్లెడ కడిగి తెస్తానని నల్లా దగ్గరికి పోయాడు. రెండో పొరపాటు ఇది.

బోనం ఎవరూ ఊహించనంత వేగంగా తయారైంది. కుండకు సున్నం, పసుపు, కుంకుమ పెట్టి, పైన చిన్న మట్టిగురిగిలో నూనె పోసి పెద్ద వత్తి వేసి దీపం వెలిగించారు. అంతవరకు బాగానే ఉంది. గోడ అవతల రాయి దగ్గర పెట్టాల్సిన బోనాన్ని, తల్లి అసలు చోటు ఇదే కదా అని రాయమల్లు తీసుకొచ్చి బీరువా నెత్తిన పెట్టాడు. దీపం సరిగ్గా వేడిని కనిపెట్టే మీట పైన భగభగా మండుతోంది. ఐలవ్వ నిప్పుల మూకుడులో ఊదు వేసి, పొగ తల్లికి బాగా అందాలని, జల్లెడ లేని బొక్క ముందు పెట్టింది. లోపలి ఫ్యాను ఆ పొగను ఎంతో ఇష్టంగా లోపలికి పీల్చుకుంది.

కూలీలు మొక్కుకున్నారు. తృప్తిగా లేచి రోలర్ల దగ్గరికి వచ్చారు. మీట నొక్కారు. రోలరు ఒక్క చుట్టు తిరిగి ఆగింది. ఎర్రదీపం మళ్లీ వెలిగింది.

తడి జల్లెడతో లోపలికి వచ్చిన లక్ష్మీరాజానికి ముందు పొగ, పొగలో దీపం, దీపం కింద బీరువా కనిపించాయి. బోనం దించి ఐలవ్వ చేతికిచ్చాడు. నిప్పుల మూకుడు తీసి బయట పెట్టాడు. కిటికీలోంచి నేల మీద పడుతున్న ఎండ అప్పటికే పక్కకు జరిగింది. బండి పెద్దపల్లిలో బయలుదేరే ఉంటుంది.

"లాభంలేదు, మీరంతా తప్పుకోండి," అన్నాడు గవర్రాజు. భక్తి వంతు అయిపోయింది కనుక శాస్త్రం వంతు తనదని ఆయన ఉద్దేశం. "లక్ష్మీరాజం, నువ్వు స్టోర్సుకు వెళ్లి ఎందుకైనా మంచిది ఒక కొత్త బుడ్డి పట్టుకురా. ఈలోగా నేను దీన్ని చల్లబరిచి పెడతాను. నీ బండి తప్పనిస్తానా నేను?"

"సారూ, తలుపు తెరిచి ఊకుంటె అదే..."

"ఊరుకుంటే ఎలాగయ్యా? నువ్వు వెళ్లు."

స్టోర్సు మిల్లు అవతలి కొసన ఉంది. బుడ్డిని గడ్డిలో చుట్టి పెట్టారు, దాన్ని వెతికి తీయడానికి మరికాస్త పొద్దు పోయింది. ఈలోగా గవర్రాజు తన తెలివినంతా వాడాడు. బయట వడగాడ్పు కొడుతోంది, అది లోపలికి రాకూడదు. కాబట్టి కిటికీలన్నీ మూయించి, తలుపుకు తడి గోనెపట్టా కట్టించాడు. తన ఆఫీసులో ఉన్న బల్ల ఫ్యాను తెప్పించి స్టూలు మీద నిలబెట్టి, పై చీలికల్లోకి గాలి కొట్టేట్టు తిప్పాడు. లోపలి ఫ్యాను వేడిగాలిని పైకి నెడుతుంటే, మేనేజరు ఫ్యాను దాన్ని మళ్లీ లోపలికి నెడుతోంది. ఆయన అంతటితో ఆగలేదు. సోడా దుకాణానికి మనిషిని పరుగెత్తించి, వరిపొట్టులో చుట్టిన ఐసుగడ్డ తెప్పించి, గోనెసంచితో సహా బీరువా నెత్తిన పెట్టించాడు.

కూలీలకు కూడా ఈ పద్ధతి నచ్చింది. ఒకడు తాటాకు విసనకర్ర పట్టుకుని విసరసాగాడు. ఐలవ్వ మళ్లీ పసుపునీళ్లు తెచ్చింది, ఈసారి కొంచెం ఎక్కువగా. రాయమల్లు మేనేజరు చూడకుండా వెనక వైపు ఒక్క వేపమండ దోపాడు.

లక్ష్మీరాజం గోనెపట్టా ఎత్తి లోపలికి అడుగు పెట్టి అక్కడే నిలబడిపోయాడు.

చీకటిగా ఉంది. గాలి ఆడటం లేదు. వేపాకు, పసుపు, ఊదు, తడిగోనె అన్నీ కలిసిన వాసన. మధ్యలో బీరువా, చుట్టూ జనం. ఒకరు విసురుతున్నారు, ఒకరు తుడుస్తున్నారు, ఒకరు మొక్కుతున్నారు. అందరి ముఖాల్లో ఒకటే దిగులు. ఐసు కరిగి నీటి చుక్కలు చీలికల్లోంచి లోపలికి జారుతున్నాయి. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

ఈ గది అతనికి తెలుసు. అనసూర్య పడుకున్న గది ఇది. ఆ రోజు కూడా కిటికీలు ఇలాగే మూశారు, గాలి సోకకూడదన్నారు. గుమ్మానికి వేపమండలు కట్టారు. పొరుగువాళ్లు గొంగళ్లు తెచ్చి కప్పారు. ఒకరు పసరు పోశారు, ఒకరు పసరు పొయ్యొద్దన్నారు. మంచం చుట్టూ మనుషులు నిండిపోయి ఆమె ముఖం అతనికి కనిపించలేదు. అతను పట్నం డాక్టరిచ్చిన గోలీలు జేబులో పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు మందులు వద్దు బిడ్డా అంది రామవ్వ, ఆమె కూతురే కదా. అందరూ ప్రేమతోనే చేస్తున్నారు. ఎవరినని కాదంటాడు? ఎవరినీ కాదనలేదు. ఆ గోలీలు వేసుంటే, ఆ కిటికీ తెరిచి ఉంటే ఆమె బతికేదో లేదో అతనికి తెలియదు. ఎప్పటికీ తెలియదు. తెరవమని ఒక్కమాట అనలేదన్న సంగతి మాత్రం తెలుసు, అది రోజూ రాత్రి తెలుస్తూనే ఉంటుంది.

లక్ష్మీరాజం మెయిన్ ఆపేశాడు. బల్ల ఫ్యాను తీగ లాగేశాడు. ఐసుగడ్డను రెండు చేతులతో ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకుపోయి, కిటికీ తన్ని తెరిచి, బయట పారేశాడు.

"అందరు బయటికి పోండ్రి," అన్నాడు.

అతను గొంతు పెంచలేదు. అయినా విసనకర్ర ఆగిపోయింది.

"రాజం, మేం నీ కోసమే..." అంది ఐలవ్వ.

"నాకెరికే చిన్నమ్మా. నా కోసమే చేస్తున్రు. ఆనాడు గూడ అందరు నా కోసమే చేసిన్రు." తలుపుకు కట్టిన తడి గోనెపట్టా పీకేశాడు. "ఎవలు ఏం చెయ్యొద్దు. దానికి గాలి కావాలె, గంతె. సారూ, మీరు గూడ పోండ్రి."

గవర్రాజును ఆ మిల్లులో బయటికి పొమ్మన్న మొదటి మనిషి లక్ష్మీరాజం. ఆయన ఏదో అనబోయి, అతని ముఖం చూసి, పంచె దించుకుని బయటికి నడిచాడు. మిగతావాళ్లు ఆయన వెనకే పోయారు. ఐలవ్వ పోతూ పోతూ కళ్లు తుడుచుకుంది. ఆమె ఆ రోజు అనసూర్య మంచం దగ్గర ఉంది, ఒక గొంగడి ఆమెదే.

తర్వాత చేసిందేమీ లేదు. కిటికీలు, తలుపులు తెరిచి, లోపల పడ్డ నీళ్లను గుడ్డతో అద్ది, వెనక దోపిన వేపమండ తీసి పక్కన పెట్టి, బీరువా ముందు నేల మీద కూర్చున్నాడు. చెయ్యి ఊరుకోవడం లేదు, ఏదో ఒకటి విప్పమంటోంది. తొందరపడి మీట నొక్కితే తడికి బుడ్లన్నీ పగులుతాయి. ఇనుము చల్లారడానికి ఎంతసేపు కావాలో అంతసేపూ కూర్చోవాలి. బయట కూలీలు కూడా నీడలో కూర్చున్నారు. దూరంగా బండి కూత వినపడింది, గోదావరి వంతెన దాటుతున్నట్టుంది. అతను కదల్లేదు.

కాసేపటికి ఎర్రదీపం దానంతట అదే ఆరిపోయింది. మీట నొక్కాడు. గాజు బుడ్లు ఒక్కొక్కటే వెలిగాయి, రోలర్లు తిరిగాయి.

గవర్రాజు గుమ్మంలో సైకిలుతో సిద్ధంగా ఉన్నాడు. తన చేతులు ఊరికే ఉంచుకోవడం ఆయన వల్ల కాలేదు, ఆ సందులో రెండు చక్రాలకూ గాలి కొట్టాడు.

"నా సైకిలు తీసుకుపో. ఇంజను నీళ్లు పట్టుకుంటుంది, బండి ఇంకా ఉంటుంది. ఫో."

బండి ఉంది. లక్ష్మీరాజం పెట్టె పెట్టెకూ తొంగి చూస్తూ పరుగెత్తాడు. కిటికీలోంచి హనుమండ్లు చెయ్యి ఊపాడు.

"బావా, ఇటు."

ఎక్కి చూస్తే లోపల మూటలు, తట్టలు, మగ్గం పడుగు చుట్టిన కర్రలు, వాటి మధ్య రామవ్వ. అల్లుణ్ని చూసి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇయ్యాల గూడ రావనుకున్న," అంది. "రాకుంటె మంచిగుండు అని మొక్కిన. నీకు అబద్ధమెందుకు చెప్పాలె."

"ఇగో అత్తా, వచ్చిన."

కిటికీ పక్కన హనుమండ్లు పిల్లలతో పాటు ఒక పిల్ల పేలాలు తింటోంది. పచ్చపూల గౌను, నూనె రాసి గట్టిగా వేసిన రెండు జడలు. కనుబొమలు అచ్చం అనసూర్యవే. లక్ష్మీరాజం మూటలు దాటుకుంటూ దగ్గరికి పోయాడు. దారి పొడవునా ఎన్నో మాటలు అనుకున్నాడు. ఒక్కటే నోటికొచ్చింది.

"సక్కూ."

పిల్ల అతన్ని చూసింది. చెమటకు తడిసిన చొక్కా, మసి చేతులు, మోచేతుల దాకా పసుపు. పేలాలు నోట్లోనే ఉంచుకుని హనుమండ్లు వెనక దాక్కుని అతని చొక్కా పట్టుకుంది.

"బాపూ, గీయనెవలు?"

బాపూ అన్న మాట వినగానే లక్ష్మీరాజం ఊఁ అనబోయాడు. నోరు తెరిచాక గాని, ఆమె పిలిచింది తనను కాదని తెలియలేదు.

హనుమండ్లు తల వంచుకున్నాడు.

"నా పిల్లలు పిలుస్తుంటె ఇనుకుంట గదే పిలుస్తది బావా. నేను నేర్పలే."

"ఎరికే," అన్నాడు లక్ష్మీరాజం. "నువ్వెందుకు నేర్పుతవు."

"నీ బిడ్డె. ఎత్తుకుని దిగు," అంది రామవ్వ. ఆమె చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం మానేసింది. "ఏడుస్తది. నాలుగొద్దులకు మరుస్తది. పిల్లలకేముంటది."

అతను వంగి పిల్ల చంకల కింద చేతులు వేశాడు. సక్కుబాయి ఏడవలేదు. కిటికీ ఊచను ఒక చేత్తో పట్టుకుంది, అంతే. చిన్న పిడికిలి. వేళ్లు ఒక్కొక్కటే విప్పితే వచ్చేస్తుంది, అతనికి అదెంత పని. పొద్దున్నుంచి ఎన్నో విప్పి పారేసిన చేతులు ఆ వేళ్లను మాత్రం విప్పలేకపోయాయి. ఆ పిల్ల కళ్లలోకి చూశాడు. భయంగా, మర్యాదగా చూస్తోంది, దారిన పోయే మనిషిని చూసినట్టు. ఈ పిల్లను తన దగ్గర్నుంచి బండి తీసుకుపోతుందని అతను ఇన్నాళ్లూ భయపడ్డాడు. ఆమె ఎప్పుడో వెళ్లిపోయింది, అతనికే తెలియలేదు.

చేతులు తీసేశాడు. ఇంజను కూత వేసింది.

"బావా, కదులుతాంది. దిగు," అన్నాడు హనుమండ్లు. "పోరిని తీస్కుంటవా, మేం తీస్కపోవాల్నా?"

లక్ష్మీరాజం గుమ్మం వైపు చూశాడు. అక్కడ స్టేషను మెల్లగా వెనక్కి జరుగుతోంది. ఇప్పుడు దూకితే సాయంత్రం షిఫ్టుకు అందుకుంటాడు.

"జర జరుగు బిడ్డా," అన్నాడు.

సక్కుబాయి ఊచ వదలకుండానే కొంచెం జరిగింది. అతను ఆ సందులో కూర్చున్నాడు.

"గిదేంది?" అంది రామవ్వ. "దిగవా?"

"దిగ."

"మరి మిల్లు?"

"నడుస్తాంది."

బండి వేగం అందుకుంది. రామవ్వ మూట విప్పి ఒక రొట్టె తీసి అల్లుడి చేతిలో పెట్టింది. పొద్దున ఒక్క ముద్ద తప్ప ఏమీ తినలేదన్న సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చింది. అడవి మొదలైంది, పెట్టెలోకి నీడలు వచ్చి పోతున్నాయి. సక్కుబాయి అతని మోచేతిని ఓరగా చూస్తోంది.

"నీ చేతులకు పసుపెందుకున్నది?"

"జ్వరమొస్తె సల్లినం."

"ఎవలికి?"

"బీరువకు."

పిల్ల ఆలోచించింది. హనుమండ్లు వైపు చూసింది, అతను కిటికీ బయటికి చూస్తున్నాడు. మళ్లీ లక్ష్మీరాజం వైపు తిరిగింది.

"బీరువకు జ్వరమొస్తదా?"

"వస్తది. అందరు మీదవడితె వస్తది."

"మల్ల తగ్గిందా?"

"తగ్గింది."

సక్కుబాయి ఊచ వదిలి తన పొట్లంలోంచి నాలుగు పేలాలు తీసింది. వాటిని అతనికివ్వాలా తానే తినాలా అని కాసేపు తేల్చుకోలేకపోయి, చివరికి తానే తినేసింది. లక్ష్మీరాజం ఏడుస్తున్నాడు. రొట్టె తింటున్నాడు కనుక ఎవరూ పట్టించుకోలేదు. ఆ పిల్ల తనను ఎప్పటికైనా బాపూ అంటుందో లేదో అతనికి తెలియదు, భీవండిలో తనకు పని దొరుకుతుందో లేదో కూడా తెలియదు. ఆమె మోకాలు మాత్రం తన మోకాలికి తగులుతోంది, బండి కుదుపులకు పోతోంది, మళ్లీ వస్తోంది. అతను కదలకుండా కూర్చున్నాడు.

బల్లార్షాలో టికెట్లు చూసే ఆయన ఎక్కి చెయ్యి చాపితే, లక్ష్మీరాజం జేబులోంచి తీసి మర్యాదగా మంచిర్యాల ప్లాట్‌ఫారం టికెట్ ఇచ్చాడు.